చెప్పడానికి వీలులేని తాళంచెవి

మూడో అంతస్తు, వెనక గది
ఫిబ్రవరి 9

అక్కా,

నేను ఎవరినీ ప్రేమించడం లేదు. ముందుగా ఈ ముక్క రాసేస్తే మిగతా ఉత్తరం కాస్త నిమ్మళంగా రాసుకోవచ్చు. నా ఫోనులో దాచిపెట్టిన మనిషి లేడు, దాచిపెట్టిన జబ్బు లేదు. నా ఖాతాలకి పాస్‌వర్డ్ తీసేసి పాస్‌కీ పెట్టుకున్నాను, అంతే. దానికే నాన్న "పిల్ల చెయ్యి దాటిపోయింది" అన్నారట. అమ్మ ఫోను చేసి, ఎప్పటిలాగే స్పీకర్ పెట్టి, "నువ్వు చెప్పకపోతే మాకు తెలియదనుకున్నావా?" అంది. ఏం తెలుసు అక్కా వాళ్ళకి? అదేదో నాకూ చెబితే నేనూ సంతోషిస్తాను కదా! మన ఇంట్లో నేను నోరు విప్పకముందే నా మాటకి అర్థం తయారై ఉంటుంది. చిన్నప్పుడు పుస్తకం పట్టుకుని మూల కూర్చుంటే అలిగాననేవాళ్ళు. ఇప్పుడు తలుపు వేసుకుంటే లోపల ఎవరో ఉన్నారంటున్నారు.

వాళ్ళన్నదానికి కోపం వచ్చింది. కానీ వెనకాల నుంచి నీ గొంతు వినిపించింది చూడు, "చెప్పేయవే, పోయేదేముంది" అని, దానికి మాత్రం రెండు పూటలు తిండి సయించలేదు.

అందుకే కాగితం మీద రాస్తున్నాను, అదీ ఇంటికి కాదు, నువ్వు పనిచేసే కళ్ళద్దాల దుకాణానికి. నీ ఫోనుకి రాస్తే నీకంటే ముందు నాన్న చదువుతారు. ఆయన మొట్టమొదట బాగుచేసిన లిఫ్టు నంబరు, దాని వెనక అమ్మ పేరులో మూడక్షరాలు: పదేళ్ళుగా నలుగురికీ, అన్నిటికీ అదే పాస్‌వర్డ్. ఇంటిల్లిపాదికీ ఒకటే తువ్వాలు ఉన్నట్టు. నా డిగ్రీ ఫలితాలు నాకంటే ముందు అమ్మ చూసింది. ఈ ఆసుపత్రి ఉద్యోగం వచ్చిన సంగతి నాకు పక్కింటావిడ చెప్పింది, గుర్తుందా? "అభినందనలమ్మా" అంటే, "దేనికండీ?" అన్నాను.

పాస్‌కీ అంటే ఏమిటో నీకు చెబుతాను. ఆసుపత్రిలో రోజుకు పదిమందికి ఇదే చెప్పడం నా పని కాబట్టి నోటికి వచ్చేసింది. పాస్‌వర్డ్ అనేది మనకు తెలిసిన ఒక మాట. తెలిసిన మాటని ఎవరైనా అడగవచ్చు, మొహమాటపడి మనం చెప్పవచ్చు, దొంగవాడు మన చేతే చెప్పించవచ్చు. పాస్‌కీలో మాట లేదు. ఫోను కడుపులో ఒక రహస్యం ఉంటుంది. నేను వేలు పెడితే ఫోను దాన్ని వాడుకుంటుంది, అవతలివాళ్ళకి మాత్రం చూపించదు. అసలది నాకే తెలియదు. నాకే తెలియనిదాన్ని మీకెలా చెప్పను?

అమ్మకి ఇదే చెప్పాను. "తెలియకుండానే ఎలా తెరుస్తున్నావే మరి?" అంది. న్యాయమైన ప్రశ్నే.

ఇక అసలు సంగతి. నీకొక్కదానికే చెబుతున్నాను. ఒక శిక్షణ బృందంలో చేరడానికి దరఖాస్తు పెట్టాను. దీవుల్లో ఉండే చిన్న చిన్న ఆసుపత్రులకి వెళ్ళి, నేనిక్కడ చేసే పనే అక్కడ నేర్పాలి. నెలకో దీవి, పడవ ప్రయాణం, రెండేళ్ళు. తీసుకునేది ముగ్గురినే. జవాబు మెయిల్‌లో వస్తుందన్నారు. రాకపోతే ఈ కుర్చీలోనే ఇంకో ఏడాది, ఆ తర్వాత ఇంకో ఏడాది. నా సంగతి నీకు తెలుసుగా, ఒకచోట కాలు నిలవదు. నాకు ఇది కావాలి అక్కా. ఇంతగా ఇంకేదీ కోరుకోలేదు.

ఎవరికీ చెప్పకు.

నీ గడుగ్గాయి

*

కళ్ళద్దాల దుకాణం, లోపలి బల్ల
ఫిబ్రవరి 18

ఒసే గడుగ్గాయీ,

మా షాపు యజమాని నీ ఉత్తరాన్ని రెండు వేళ్ళతో పట్టుకొచ్చి, "మీకు ఉత్తరమా!" అన్నాడు. నాకు ఉత్తరం రావడం కంటే నేను పెళ్ళికూతురినై రావడమే తక్కువ వింత అన్నట్టుంది ఆయన మొహం. "మా చెల్లెలండీ" అంటే, "ఆ అమ్మాయికి ఫోను లేదా?" అన్నాడు. "ఉందండీ, అదే గొడవ" అన్నాను.

ఆ రోజు అన్న మాట నిజమే, "చెప్పేయవే" అని. ఎందుకన్నానంటావా? అమ్మ నా వైపు చూసింది కాబట్టి. ఇంట్లో ఉండేవాళ్ళు అలా ఎన్నో అంటారు. నువ్వు దూరంగా కూర్చుని ఒక్కొక్క ముక్కనీ ఏరి, తూకం వేసుకోకు.

నీ తాళాల వల్ల ఇక్కడి పరిస్థితి ఇదీ. మనం సినిమాలు చూసే ఖాతా నీ పేరున ఉండేది కదా, అది పోయింది. నాన్న టీవీ ముందు కూర్చుని లిఫ్టు నంబరు కొట్టి, కొట్టి, "ఇది నా ఇల్లేనా?" అన్నారు. అమ్మ అయితే స్కూలు ఆఫీసు నుంచి వచ్చి టీ తాగుతూ నీ మెయిళ్ళు చదువుకునేది, పాపం. ఇప్పుడు ఆవిడకి సాయంత్రం పేపరు రావడం మానేసినట్టుంది. కప్పు పట్టుకుని గోడకేసి చూస్తుంది. తప్పే, నేను కాదనను. కానీ అమ్మకి నువ్వు రోజూ కాస్త కనిపించే కిటికీ అదొక్కటే. మనిషివి ఫోనులో దొరికితే "ఊ", "ఆ", "తిన్నాను" తప్ప ఇంకేం చెబుతావు?

నా సంగతులు ఏముంటాయి? పొద్దున్నించి అద్దాలు అరగదీయడం. నిన్నొక పెద్దావిడ కొత్త కళ్ళద్దాలు పెట్టుకుని, అద్దంలో చూసుకుని, "ఇవి తీసేయమ్మా, పాతవే బాగున్నాయి. వాటిలో నేను ఇంత ముసలిదాన్ని కాదు" అంది. మళ్ళీ పాతవి పెట్టుకుని వెళ్ళిపోయింది.

మన గదిలో నీ మంచం అలాగే ఉంది. ఇస్త్రీ బట్టలు దాని మీద పెడుతున్నాం. ఆదివారం బీరువా పైన దుమ్ము దులిపాను. నీ పాత ట్యాబ్ కనిపిస్తే తుడిచి లోపల పెట్టాను.

దీవుల సంగతి ఎవరికీ చెప్పను. నీళ్ళంటే నీకు భయం కదే?

అక్క

*

మూడో అంతస్తు, వెనక గది
మార్చి 15

అక్కా,

నీళ్ళంటే భయం లేదు, ఈతే రాదు. రెండిటికీ తేడా ఉంది.

జవాబు ఇంకా రాలేదు. ఫిబ్రవరి ఆఖరుకి చెబుతామన్నారు. రోజుకు ఎన్నిసార్లు మెయిల్ చూస్తున్నానో చెబితే నవ్వుతావు. బొటనవేలికి కాయ కాస్తుందేమో. ఏదీ లేదు. చెప్పుల దుకాణం వాడు మాత్రం నన్ను మరచిపోకుండా వారానికోసారి రాస్తున్నాడు.

ఆసుపత్రిలో మొత్తం పాస్‌వర్డ్‌లు తీసేస్తున్నారు. పన్నెండు వందల మందినీ మార్చే పని నాకూ, ఇంకొకాయనకీ అప్పజెప్పారు. నేను బల్ల మీద "సహాయం" అనే బోర్డు పెట్టుకుని కూర్చుంటాను. సహాయానికి ఒక్కరూ రారు, తిట్టడానికి వస్తారు. ఎవరి పాస్‌వర్డ్ ఎక్కడ దాచుకున్నారో ఇప్పుడు నాకు తెలుసు. కీబోర్డు కింద, కాలెండరు వెనక, మందుల అలమర లోపలి తలుపు మీద. ఒక పెద్ద డాక్టరుగారు అరచేతి మీద పెన్నుతో రాసుకుని, చెయ్యి కడిగిన ప్రతిసారీ మళ్ళీ నా దగ్గరికి వచ్చేవారు.

మందుల గోదాము చూసే పెద్దాయన ఒకరున్నారు. పోయిన వారం ఆయనకి ఎవరో ఫోను చేసి, మా విభాగం నుంచే అని చెప్పి, పాస్‌వర్డ్ అడిగాడట. ఈయన, "లేదు బాబూ" అన్నారట. "లేకపోవడమేమిటండీ, గుర్తు తెచ్చుకోండి" అన్నాడట వాడు. "గుర్తు తెచ్చుకోవడానికి ఉండాలి కదయ్యా. నేను నీకు చెబుదామనుకున్నా నా దగ్గర లేదు" అన్నారట. నాకు ఈ సంగతి చెబుతూ ఆయన ఛాతీ ఎంత పొంగిందో! "అమ్మా, ఈ వయసులో నన్ను ఇంకెవడూ మోసం చెయ్యలేడు" అన్నారు. ఆ ఒక్కరోజూ నా ఉద్యోగం మీద నాకు గౌరవం కలిగింది.

మూడు రోజులకే ఆయన ఫోను నీళ్ళ బకెట్లో పడింది. రెండో ఫోను ఏదైనా జతచేసుకోండి అని మొదటి రోజే చెప్పాను, వినలేదు. ఇక చూడు. ముప్పై ఏళ్ళుగా ఆ గోదాము ఆయనది. అక్కడ ప్రతి పెట్టె ఆయనకి తెలుసు. మనిషి ఎదురుగా ఉన్నారు, కంప్యూటరు మాత్రం మీరెవరంటుంది. ఆయనే ఆయనని నిరూపించే కాగితాలు వచ్చేదాకా నాలుగు రోజులు గోదాము బయట బల్ల మీద కూర్చున్నారు. మధ్యాహ్నం అటు వెళితే, "నేను లేనమ్మా ఈ వారం" అన్నారు నవ్వుతూ.

బట్టలుతికే విభాగంలో ఉన్నావిడకి అసలు వేలిముద్రే లేదు. సోడాకీ, వేడినీళ్ళకీ అరిగిపోయింది. పదివేళ్ళూ పెట్టించాను, ఒక్కటీ ఎక్కలేదు. "నన్ను ఇది కూడా గుర్తుపట్టడం లేదు" అంటూ చెయ్యి చీర కొంగుకి తుడుచుకుంది. ఆవిడకి నంబరు పెట్టించి పంపాను. అయినా ఆ "కూడా" అన్న మాట నాతోనే ఉండిపోయింది.

నీకొక నిజం చెప్పనా? పాస్‌కీ పెట్టుకున్న మొదటి వారం హాయిగా ఉంది. నా మెయిల్ నేనే మొదట చదవడం అలవాటు లేక, ప్రతిదీ రెండుసార్లు చదివాను. తర్వాత ఒకరోజు గమనించాను, ఇంటి నుంచి ఫోన్లు ఆగిపోయాయి. నాన్న నాకు వారానికి రెండుసార్లు ఎందుకు చేసేవారో తెలుసా? "ఆ పాస్‌వర్డ్ చివర చుక్క ఉందా లేదా?" అని అడగడానికి. చెప్పాక ఒక నిమిషం ఏదో మాట్లాడేవారు, వాన పడుతోందా, మెట్లెక్కుతున్నావా, లిఫ్టు ఉందా అని. ఆ నిమిషం కోసమే చేసేవారేమో, చుక్క సంగతి సాకేమో. ఇప్పుడు అడగడానికి ఏమీ లేదు.

గదిలో కిటికీ ఎదుట ఇంకొక భవనం గోడ. ఐదింటికి దాని మీద వెలుగు పడుతుంది, ఐదూ పదికి పోతుంది. ఆ పది నిమిషాలకీ ఇంట్లో ఉండేలా ఆదివారాలు చూసుకుంటాను. ఎటూ ఒంటరిగానే ఉన్నాను కదా, ఉండేదేదో కదులుతూ ఉంటే బాగుండుననిపిస్తోంది. దీవులు కావాలనడంలో ఇంతకంటే గొప్ప కారణమేమీ లేదు.

ఏదైనా రాయి. నీ దుకాణం కబుర్లయినా సరే.

గడుగ్గాయి

*

కళ్ళద్దాల దుకాణం, లోపలి బల్ల
ఏప్రిల్ 2

ఒసే పిల్లా,

ఆలస్యంగా రాస్తున్నాను, తిట్టుకోకు. పని ఎక్కువగా ఉంది. పని ఎక్కువగా ఉందని రాయడం కూడా ఒక పనేలే.

రాని జవాబు కోసం కళ్ళు కాయలు కాచేలా చూడకు. వాళ్ళకి ఎవరో పెద్దవాళ్ళ పిల్లలు దొరికి ఉంటారు. పోనీలే అనుకో. ఒక రకంగా మంచిదే. మూడేళ్ళంటే మాటలా? జ్వరం వస్తే మంచినీళ్ళు ఇచ్చే దిక్కుండదు. పడవ రాలేదంటే వారం రోజులు కబురే ఉండదు. నువ్వు గోడ మీద వెలుగు గురించి రాసింది చదివి నాకు ఏడుపొచ్చింది. అలాంటిదానివి నీళ్ళ మధ్య ఏం చేస్తావే?

తిరిగి వచ్చెయ్యకూడదూ? ఇక్కడి ఆసుపత్రిలోనూ కంప్యూటర్లు ఉన్నాయి కదా. మనిద్దరం బయట చిన్న ఇల్లు తీసుకుందాం. నేను అమ్మకి చెబుతాను. నిజంగానే చెబుతాను, నవ్వకు. ముప్పై మూడేళ్ళు వచ్చాయి, ఒకసారైనా చెప్పాలి కదా.

నాన్నకి నీ ఉత్తరంలోని ఆ చుక్క సంగతి చెప్పలేదు. చెబితే ఒప్పుకోరు. కానీ ఫోను తీసి నీ పేరు దగ్గర ఆగడం రెండుసార్లు చూశాను. "చెయ్యండి నాన్నా" అంటే, "ఏం అడగను?" అన్నారు.

చల్లబడితే కప్పుకో. ఆ నీలం దుప్పటి పల్చగా ఉంటుంది.

అక్క

*

ఆసుపత్రి, సహాయం బల్ల
ఏప్రిల్ 11

అక్కా,

నిన్న శిక్షణ బృందం వాళ్ళ ఆఫీసు నుంచి ఒకావిడ ఫోను చేశారు. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

"మీకు ఆసక్తి లేదనుకోవాలా?" అన్నారు.

"నాకు జవాబే రాలేదండీ."

"మార్చి ఆరున పంపాం, మిమ్మల్ని తీసుకున్నామని. మీరు తెరిచినట్టు కూడా ఇక్కడ కనిపిస్తోంది. ఇరవయ్యో తేదీన గుర్తుచేస్తూ ఇంకొకటి పంపాం. అదీ తెరిచారు."

"నేనా?"

"మీ ఖాతానే కదమ్మా. పాస్‌కీలు నేర్పేవారే మీరు, ఇంకెవరు తెరుస్తారు?"

ఈ నెల ఇరవైలోగా చెప్పమన్నారు. ఆ తర్వాత నా చోటు ఇంకొకరికి ఇస్తారు.

రెండు మెయిళ్ళూ దొరికాయి, రెండూ సాయంత్రం ఏడు దాటాక వచ్చినవి. ఎవరూ చూడని పాతవాటి మూటలో ఉన్నాయి. అందులో పని కాలం మూడేళ్ళకి పెంచామని ఉంది. నేను నీకు రెండేళ్ళని రాశాను. మూడేళ్ళని నువ్వు రాశావు. దుప్పటి నీలం రంగుదని నేను ఎవరికీ చెప్పలేదు. రశీదు మాత్రం మెయిల్‌లో ఉంది.

నా ఖాతా ఏయే పరికరాల్లో తెరుచుకుందో చూశాను. ఒకటి నా ఫోను. రెండోది నా పాత ట్యాబ్. ఫిబ్రవరి పదహారో తేదీ నుంచి దాదాపు రోజూ, సాయంత్రం ఏడింటికి. అమ్మ స్నానానికి వెళ్ళే వేళ.

ఎలా జరిగిందో వెంటనే అర్థమైంది. నా పని అదే కదా. ఫోనులో చేసిన పాస్‌కీ నా పేరున ఉన్న మిగతా పరికరాలకి దానంతటదే చేరుతుంది, ఒకటి పోయినా ఇంకొకటి ఉండాలని. ఆ ట్యాబ్‌లో నా వేలితో పాటు నీ వేలు ఉంది. ఆఖరి సంవత్సరం పరీక్షల ముందు నా మణికట్టు విరిగి కట్టు కట్టినప్పుడు, పాఠాలు నువ్వు తెరిచి చదివి వినిపించడానికి పెట్టాం. పాస్‌కీకి మనిషెవరో తెలియదు. ఆ పరికరంలో ఉన్న వేలు ఏదైనా దానికి ఒకటే. "మీ ఫోనులో ఇంకొకరి వేలు ఉంటే ముందు తీసేయండి" అని ఇప్పటికి ఏడెనిమిది వందల మందికి చెప్పి ఉంటాను. నా సంగతి చూసుకోలేదు.

పాస్‌వర్డ్ ఉన్న రోజుల్లో ఇది జరిగి ఉంటే మీ ముగ్గురిలో ఎవరైనా కావచ్చు. అందరి మీదా కోప్పడేదాన్ని, ఎవరి మీదా నిలవకుండా కోపం పోయేది. ఇప్పుడు ఆ వీలు లేదు. మనిషి దగ్గరుండి వేలు పెడితే తప్ప తెరుచుకోదు, అదే దీని గొప్పతనం అని నేనే అందరికీ చెబుతాను. నువ్వు దగ్గరుండి వేలు పెట్టావు.

నా మెయిల్ ఎందుకు చదివావని అడగడం లేదు. మన ఇంట్లో అది ఎవరికీ తప్పు కాదు. నాకు వచ్చిన జవాబుని ఎందుకు దాచావు? నేను ఎదురుచూస్తున్నానని నీకొక్కదానికే తెలుసు.

*

కళ్ళద్దాల దుకాణం, లోపలి బల్ల
ఏప్రిల్ 14

గడుగ్గాయీ,

అలా పిలవచ్చో లేదో. సంతకం కూడా పెట్టలేదు నువ్వు.

ఇది నాలుగో కాగితం. మొదటి మూడింటిలో నిన్నే తిట్టాను. చించేశాను.

ఆ ఆదివారం దుమ్ము తుడుస్తూ ట్యాబ్ పనిచేస్తోందా అని చార్జింగు పెట్టాను. అలవాటుగా వేలు పెట్టాను. తెరుచుకుంది. నీ మెయిల్ నొక్కితే మళ్ళీ వేలడిగింది. పెట్టాను. అదీ తెరుచుకుంది. అప్పటికి వారం రోజులుగా ఇంట్లో ఒకటే గోల, మనందరినీ బయటకి నెట్టిందని. నాన్నని బయట పెట్టావు, అమ్మని బయట పెట్టావు. నేను వేలు పెడితే చాలు, నీ ఇల్లంతా నా ముందు ఉంది. నేనేం అనుకోవాలి చెప్పు? నీకు ఇవన్నీ తెలుసు, ఇదే నీ పని. కాబట్టి తెలిసే ఉంచావనుకున్నాను. అందరికీ తలుపు వేసి నాకు మాత్రం గడియ తీసి ఉంచావని. అడిగితే పాడవుతుందని అడగలేదు. మనిద్దరి మధ్యా చెప్పుకోని మాట అనుకున్నాను.

ఎంత సంతోషపడ్డానో నీకు తెలియదు. అద్దాలు అరగదీస్తూ సాయంత్రం ఏడెప్పుడవుతుందా అని చూసేదాన్ని. నువ్వు చెప్పినట్టు నీకు ఏమీ రావు. చెప్పుల దుకాణం వాడి ప్రకటనలు కూడా చదివేదాన్ని. నువ్వు ఒక్కదానివే ఒక టికెట్టు కొనుక్కుని సినిమాకి వెళ్ళావు. దుప్పటి కొన్నావు. ఒక పళ్ళేన్ని తిరిగి పంపావు, ఎందుకో రాయలేదు. పగిలిందా? ఇలా నీతో ఉన్నట్టుండేది.

తర్వాత ఒకరోజు నేను చూస్తుండగానే ఆ మెయిల్ వచ్చింది. తొలగించలేదే, నమ్ము. తొలగించు అనేచోట వేలు ఆగిపోయింది. పక్కకి నెట్టాను. రేపు మళ్ళీ పైకి తెస్తాలే అనుకున్నాను. రోజూ రేపే. గుర్తుచేస్తూ ఇంకొకటి వచ్చినప్పుడు మాత్రం ఏమీ అనుకోలేదు, నెట్టేశాను. రెండోసారి సులువుగా ఉంటుంది.

ఎందుకని అడిగావు. నీకు నీది అనేది ఒకటి దొరికింది. దానికి తాళం వేసుకుని వెళ్ళావు. నాకు తాళం వేసుకోవడానికి ఏముంది? జీతం పడిన సంగతి నాకంటే ముందు అమ్మకి తెలుసు. నా ఫోనుకి ఎవరు చేశారో నాన్న చెబితే నాకు తెలుస్తుంది. నాదీ అనిపించింది నువ్వొక్కదానివే. నువ్వు దీవికి పోతే సాయంత్రం ఏడింటికి నేను ఏం చదువుకోను?

తప్పు చేశాను. ఇంతకంటే పెద్ద మాటలు నాకు రావు. నువ్వు వెళ్ళు, ఉండు, నీ ఇష్టం, ఇక నోరెత్తను. ఒక్కటే అడుగుతాను. ట్యాబ్‌లో నా వేలు తీసేయకు. ముట్టుకోను. బీరువాలో పెట్టి తాళం అమ్మకి ఇచ్చేస్తాను. ఉందని తెలిస్తే చాలు.

అక్క

*

మూడో అంతస్తు, వెనక గది
ఏప్రిల్ 18

అక్కా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నీకు అబద్ధం చెప్పడం చాలా తేలిక. అవును, నీకోసమే ఉంచాను అని రాస్తే ఈ ఉత్తరం అరపేజీలో అయిపోయేది. నువ్వు నమ్మేదానివి. నేను కూడా నెమ్మదిగా నమ్మేదాన్నేమో.

నీ వేలు నేను ఉంచలేదు. మరిచిపోయాను. కట్టు విప్పిన రోజే తీసేయాల్సింది. తీయలేదు, ఎందుకంటే గుర్తులేదు. పాస్‌కీలు పెట్టుకున్నప్పుడు ఇంట్లో అందరినీ ఒకేసారి బయట పెట్టాను. నిన్ను కూడా. నువ్వు వేరని ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే ఏం చేసేదాన్నో తెలియదు.

పళ్ళెం పగల్లేదు. రెండు పంపారు, నేను ఒకటే అడిగాను.

నువ్వు ఇల్లు తీసుకుందామని రాశావు. ఇల్లు తీసుకోవాల్సింది నువ్వు, నాకోసం కాదు. ముందు నీ జీతంతో నీకొక ఫోను కొనుక్కో. దాన్ని ఎవరి చేతికీ ఇవ్వకుండా దుకాణంలోనే పెట్టుకుని, నీ ఒక్క వేలే పెట్టు. నా వేలు వద్దు, నేను అడిగినా వద్దు. రెండో తాళంచెవి ఒకటి విడిగా అమ్ముతారు, అగ్గిపెట్టెలో సగం ఉంటుంది. అది అద్దాల పెట్టెలో దాచుకో. ఫోను పాడైతే పనికొస్తుంది. మొదట్లో చాలా నిశ్శబ్దంగా ఉంటుంది. అది నేను నీకు ముందే చెబుతున్నాను, నాకు ఎవరూ చెప్పలేదు.

నిన్న పొద్దున పది గంటలకి ఆ ఆఫీసుకి రాశాను, వస్తున్నానని. మూడేళ్ళకీ ఒప్పుకున్నాను. ఆ తర్వాత ట్యాబ్‌ని నా ఖాతా నుంచి తీసేశాను. నిజంగానే తీసేయాలా అని రెండుసార్లు అడిగింది, రెండుసార్లూ అవునన్నాను. నువ్వు ఇది చదివే సమయానికి అందులో నీ వేలికి ఏమీ తెరుచుకోదు. అమ్మకీ నాన్నకీ నేనే ఫోను చేసి చెబుతాను, స్పీకర్ పెట్టినా సరే. నువ్వు చేసింది వాళ్ళకి చెప్పను.

కొత్త చిరునామా దుకాణానికి పంపుతాను. రాయాలనిపిస్తే రాయి.

పడవ మే రెండున. వెళ్ళేముందు ఇంటికి రావడం లేదు.

చెల్లెలు